డబ్బా కొనకముందు గిన్నె చూడు

అల్లుడూ,

మొన్న ఫోన్ చేసి, మన కుక్క టైగర్‌కు అమైనో ఆమ్లాల పొడి తెప్పిస్తున్నా, రోజుకు ఎన్ని చెంచాలు వెయ్యాల మామా అని అడిగితివి. నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. బండల పాలిష్ యూనిట్‌లో మిషన్ల రొద మధ్య నిలబడి నువ్వు మాట్లాడుతుంటే సగం మాటలు గాలికే పోయె. అందుకని ఈ జాబు. పశువుల ఆసుపత్రి నౌకరీలో గొర్రెలకు, ఎనుములకు, కుక్కలకు సూదులేసి రిటైరైన వాణ్ని. మాట కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు తేల్చి చెప్పేస్తా. ఒంట్లో జబ్బు లేకుండా, సరైన తిండి తినే పెద్ద కుక్కకు ఆ పొడి అక్కర్లేదు. సరైన తిండి లేని కుక్కకు ఆ పొడి చాలదు. కొన్ని జబ్బుల్లో మాత్రం ఫలానా అమైనో ఆమ్లం మందులాగా పనిచేస్తుంది. అది డాక్టరు తేల్చాల్సిన సంగతి. నీతోపాటు జిమ్ముకొచ్చే స్నేహితుడు తేల్చేది కాదు.

ఎందుకంటావా, చెప్తా విను. మాంసం కానీ, గుడ్డు కానీ, పప్పు కానీ, అందులో ఉన్న ప్రొటీన్ కుక్క కడుపులో అమైనో ఆమ్లాలుగా విడిపోయి, రక్తంలో కలిసి ముందుగా కాలేయానికి చేరుతుంది. అక్కడి నుంచి ఒళ్లంతా పంపకం. కండలకే కాదు, పేగు లోపలి పొరకు, రక్తానికి, జబ్బులతో పోరాడే కణాలకు, చర్మానికి, బొచ్చుకు, అన్నిటికీ వాటా పోవాల. ఒంట్లో పాత ప్రొటీన్ రోజూ కూలుతుంటుంది, కొత్తది రోజూ కడుతుంటుంది. ఈ పనికి 20 రకాల అమైనో ఆమ్లాలు కావాల. వాటిలో సగం కుక్క ఒంట్లోనే తయారవుతాయి. తక్కిన 10 తిండిలోనే రావాల. మనుషులకు ఆ లెక్క 9, కుక్కకు ఆర్జినిన్ అదనం. ప్రొటీన్ ఖర్చయినప్పుడు పుట్టే అమ్మోనియాను యూరియాగా మార్చే పనికి ఆర్జినిన్ ఉండి తీరాల. అది బొత్తిగా లేని తిండి ఒక్క పూట పెట్టినా కుక్క రక్తంలో అమ్మోనియా పెరిగి వాంతులు, వణుకు మొదలవుతాయి.

ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు అయిపోతే, ఇంటి ముందర ఇటుకలు ఎన్ని లోడ్లున్నా గోడ లేవదు కదా. ఆ పదింటిలో ఏది తక్కువైతే కట్టుబడి అక్కడే ఆగిపోతుంది. తక్కినవి ఎంత పోసినా వృథా. కొవ్వునైతే ఒళ్లు దాచుకుంటుంది, అమైనో ఆమ్లాలకు అట్లాంటి గాదె లేదు. మిగిలిన వాటి నుంచి నత్రజనిని కాలేయం విడదీసి యూరియా చేస్తుంది, మూత్రపిండాలు దాన్ని బయటికి తోస్తాయి. తక్కిన భాగం శక్తికింద ఖర్చవుతుంది, లేదంటే కొవ్వుగా మారుతుంది. అంటే నువ్వు డబ్బు పెట్టి కొన్నదాంట్లో ఎక్కువ భాగం కుక్క ఉచ్చగా పోస్తుంది. కండ పెరగాలంటే పని ఉండాల, పరుగు ఉండాల. పొద్దంతా గొలుసుకు కట్టేసి పొడి పోస్తే కండ ఎట్లా వస్తుంది?

ఇవన్నీ మనుషులకు తెలిసింది కూడా చానావరకు కుక్కల వల్లనే. 1816లో ఫ్రాన్సులో మజెండీ అనే ఆయన కుక్కలకు వట్టి చక్కెర, నీళ్లు మాత్రమే పెట్టి చూశాడు. అవి చిక్కి, కండ్లలో పుండ్లు పడి నెలరోజుల్లో చచ్చిపోయాయి. నూనె, వెన్న మాత్రమే పెట్టినా గతి అంతే. నత్రజని ఉన్న తిండి లేకుంటే ప్రాణం నిలవదని అట్లా తేలింది. 1935లో త్రియోనిన్‌ను కనిపెట్టిన విలియం రోజ్ అనే అమెరికా శాస్త్రవేత్త, 1939లో కుక్కకు ఏ అమైనో ఆమ్లాలు బయటినుంచి రావాలో పరీక్షించాడు. ఆర్జినిన్ సంగతి ఆ తర్వాత కుదురుకుంది.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాదులోనే ఒక ముచ్చట జరిగింది. అది నీ డబ్బాకు నేరుగా తగిలే ముచ్చట. జొన్నలు తప్ప వేరే తిండికి నోచుకోని దక్కను పల్లెల్లో వెనకటికి పెల్లాగ్రా అనే జబ్బు కనబడేది. ఎండ తగిలే చోట చర్మం మాడినట్టయ్యి పొరలు లేస్తుంది, నోరు పూస్తుంది, విరేచనాలవుతాయి, ముదిరితే మతి చెడుతుంది. అది నియాసిన్ అనే విటమిన్ లోపం. కుక్కల్లో ఆ లోపానికి నల్లనాలుక అని పేరు. నోరు ఎర్రగా వాచి, నాలుక నల్లబడి, జిగట చొంగ కారుతూ కుక్క మేత మానేస్తుంది. 1937లో అమెరికాలో ఎల్వెహ్‌జెమ్ అనే ఆయన నికోటినిక్ ఆమ్లం ఇచ్చి ఆ కుక్కల జబ్బు కుదిర్చాడు. మనుషుల పెల్లాగ్రాకు మందు దొరికింది అట్లనే.

మక్కజొన్న తినేవాళ్లకు పెల్లాగ్రా ఎందుకొస్తుందో లోకానికి అప్పటికే కొంత తెలుసు. జొన్న తినేవాళ్లకు ఎందుకొస్తుందనేది మాత్రం చిక్కుముడిగా ఉండె. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నామే అందులో, సి. గోపాలన్, శ్రీకాంతయ్య ఆ చిక్కు విప్పబోయారు. జొన్న ప్రొటీన్‌లో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉంటుంది, అదే ఒంట్లో నియాసిన్ లెక్కను తారుమారు చేస్తుందేమో అని 1960లో వాళ్లు రాశారు. 1965లో భవానీ బెలవాడి, గోపాలన్ కలిసి జొన్న తిండి పెట్టిన కుక్కల్లో నల్లనాలుక తెప్పించి చూపించారు. 1967లో జొన్నతో పనిలేకుండా, కుక్కపిల్లల తిండిలో వట్టి లూసిన్ కలిపినా నల్లనాలుక వచ్చిందని రాశారు. లూసిన్‌కు ఐసోలూసిన్ విరుగుడుగా పనిచేస్తుందని కూడా అదే సంస్థలో చూశారు.

ఉన్న మాట చెప్పాలంటే, ఆ తర్వాత వేరే దేశంలో కుక్కల మీద చేసిన పరీక్షల్లో లూసిన్ అంత చేటు చేసినట్టు కనబడలేదు. పండితుల మధ్య ఆ వాదం చాలాకాలం నడిచింది. వాదం ఎటు తేలినా, ఒక్క అమైనో ఆమ్లాన్ని విడిగా తెచ్చి పోసేటప్పుడు తక్కిన వాటి లెక్క చూసుకోవాలనే మాటను ఎవరూ కాదనలేదు. ఎదిగే కుక్కపిల్లలకు లైసిన్ మరీ ఎక్కువ పెడితే ఆర్జినిన్ లోపించిన లక్షణాలు వచ్చాయని ఇంకొక పరీక్షలో తేలింది. మిథియోనిన్ మోతాదు మించితే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, కాలేయం చెడిన కుక్కకైతే ప్రమాదమే. ఇప్పుడు నీ డబ్బా మీద అట్ట చదువు. జిమ్ము పొడి అయితే అందులో ఉండేవి లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడే. తక్కిన ఏడు ఎక్కడ? గోడకు మళ్లీ ఇటుకలే తెచ్చినట్టు.

ఆ అట్టమీదే ఇంకొకటి వెతుకు. తీపి కోసం జైలిటాల్ కలిపారేమో చూడు. మనుషులకు అది ఏమీ చెయ్యదు కానీ, కుక్కకు విషం. కిలో బరువుకు 0.1 గ్రాము లోపలికి పోయినా రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోయి కుక్క తూలిపోతుంది, ఇంకా ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. వ్యాయామానికి ముందు తాగే పొడులైతే కెఫీన్ కూడా ఉంటుంది, అదీ కుక్కకు పడదు. మనుషుల కోసం చేసిన పొడిని కుక్క గిన్నెలో వెయ్యనే వద్దు. ఎప్పుడైనా పొరపాటున తినేస్తే, ఏమవుతుందో చూద్దామని కూర్చోకుండా డబ్బాతో సహా ఆసుపత్రికి పట్టుకుపో.

ఇక గిన్నె సంగతికి వద్దాం. మన సీమలో మందకాపరుల కుక్కలు తరతరాలుగా సంగటి ముద్ద, మజ్జిగ తినే బతికాయి, మన టైగర్‌కు ఎందుకు చాలదు అని మా అక్క అంటుంది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. తోడేలుకంటే కుక్కకు పిండిపదార్థం అరిగించుకునే శక్తి చాలా ఎక్కువ. ఆ పనికి కావలసిన జన్యువు కుక్కలో ఎక్కువ నకళ్లుగా ఉందని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. సంగటి, అన్నం కుక్కకు అరగవని చెప్పేవాళ్ల మాట నమ్మవద్దు. అయితే మందకుక్క సంగటి ఒక్కటే తినలేదప్పా. ఈనిన గొర్రె మావి, చచ్చిన గొర్రె మాంసం, పొలాల్లో పట్టుకున్న ఎలుకలు, ఉడుతలు కూడా తినింది. గేటు లోపల ఉండే టైగర్‌కు అవేవీ లేవు. నువ్వు పెట్టిందే తిండి.

ఆ పెట్టేదాన్ని ఒకసారి లెక్కేద్దాం. టైగర్ 30 కిలోలు ఉంటాడు. అంత పెద్ద కుక్కకు రోజుకు సుమారు 45 నుంచి 65 గ్రాముల ప్రొటీన్ కావాల. 400 గ్రాముల బియ్యం వండి మజ్జిగ పోసి పెడితే, వచ్చేది 30 గ్రాముల చిల్లర. అందులోనూ బియ్యంలో, జొన్నలో లైసిన్ తక్కువ. కడుపు నిండుతుంది, పొట్ట కూడా వస్తుంది, వెన్ను మీద కండ మాత్రం జారుతుంది, బొచ్చు మెరుపు తగ్గుతుంది. తిన్న ప్రొటీన్‌లో పెద్ద వాటా చర్మానికీ బొచ్చుకీ పోతుంది కాబట్టి, లోటు ముందుగా కనబడేది అక్కడే. నువ్వు ఫోన్‌లో బొచ్చు గడ్డిలాగా ఉంది మామా అన్నప్పుడు నాకు తట్టింది ఇదే.

ఇప్పుడు అదే గిన్నెను కొంచెం మార్చు. బియ్యం 300 గ్రాములకు తగ్గించు, 21 గ్రాముల ప్రొటీన్. ఎముకలు తీసేసిన కోడిమాంసం 150 గ్రాములు ఉడకబెట్టి కలుపు, ఇంకొక 30 గ్రాములు. ఒక ఉడికిన గుడ్డు, 6 గ్రాములు. మొత్తం 57. పదికి పది అమైనో ఆమ్లాలూ వచ్చేస్తాయి. మాంసం కుదరని రోజు ఇంకో రెండు గుడ్లు, ఒక కప్పు పెరుగు, గుప్పెడు మెత్తగా ఉడికిన కందిపప్పో ఉలవలో వెయ్యి. తిండిగింజల్లో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మిథియోనిన్ గింజల్లో ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. అన్నంలోకి పప్పు కలుపుకునే మన అలవాటు కుక్కకూ మేలే. అయితే ఇంట్లో మిగిలిన పప్పుచారు మాత్రం పొయ్యవద్దు. అందులో ఎర్రగడ్డ, తెల్లగడ్డ ఉంటాయి, అవి కుక్క రక్తకణాలను విరగ్గొడతాయి. ఉడికిన కోడి ఎముకలు గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి, అవీ వద్దు. ఇంటి తిండిలో సున్నం, జింకు, కొన్ని విటమిన్లు ఎట్లా చూసినా తక్కువే పడతాయి. వాటి కోసం డాక్టరు రాసిచ్చే ఖనిజాల పొడి వాడు. డబ్బుపెట్టి పొడి కొనాలని అంత ముచ్చటగా ఉంటే, కొనాల్సింది అది.

చెనక్కాయల చెక్కలో ప్రొటీన్ బోలెడు, చవక, అది వేస్తే పోలేదా అని నీకు తోచవచ్చు. మనది చెనక్కాయల జిల్లా కదా. వద్దప్పా. చెమ్మ తగిలిన చెనక్కాయలకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో చెనక్కాయల పిండి మేపిన టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చినాకనే ఆ విషం సంగతి బయటపడింది. ఆ విషానికి కుక్క కాలేయం మరీ అలుసు.

బజారు మేత పెట్టాలనుకుంటే దాని లెక్క దానికి ఉంది. అమెరికాలో మేతల ప్రమాణాలు చెప్పే ఆఫ్కో లెక్క ప్రకారం, తేమ తీసేసి చూస్తే పెద్ద కుక్క మేతలో కనీసం 18 శాతం, పిల్లలకూ చూడి కుక్కలకూ 22.5 శాతం ప్రొటీన్ ఉండాల. సంచి మీద 'పెద్ద కుక్కలకు సంపూర్ణ ఆహారం' అని రాసి ఉంటే, పది అమైనో ఆమ్లాలు లెక్కచూసి కలిపారని అర్థం. దాని మీద ఇంకా పొడి చల్లితే వాళ్లు కుదిర్చిన లెక్కను నువ్వు చెడగొట్టినట్టే. శాతం ఒక్కటే చూసి కూడా మోసపోవద్దు. ఆ శాతం నేరుగా ప్రొటీన్‌ను కొలిచి చెప్పేది కాదు, నత్రజనిని కొలిచి 6.25తో గుణించి చెప్పేది. 2007లో అమెరికాలో కుక్కల, పిల్లుల మేతలో ఈ కిటుకుతోనే దగా జరిగింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ కలిపి నత్రజని ఎక్కువ చూపించారు. ఆ మేత తిన్న జంతువులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. ధాన్యం లేని మేత అని గొప్పగా అమ్మేవాటి జోలికీ పోవద్దు. బఠానీలు, పప్పులు దండిగా ఉన్న అట్లాంటి మేతలకూ కుక్కల్లో గుండె ఉబ్బే జబ్బుకూ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది.

అమైనో ఆమ్లం మందుగా పనికొచ్చేదీ అట్లాంటి చోటనే. టారిన్‌ను కుక్క మిథియోనిన్, సిస్టీన్ నుంచి తానే తయారుచేసుకుంటుంది. గోల్డెన్ రిట్రీవర్, కాకర్ స్పానియల్ లాంటి కొన్ని జాతుల్లో అది తక్కువై గుండె బలహీనపడితే, డాక్టరు పరీక్ష చేసి టారిన్ ఇస్తాడు, కొన్ని కుక్కలు కోలుకుంటాయి కూడా. కాలేయం చెడి పాదాల చర్మం పగిలిపోయే ఒక జబ్బులో అమైనో ఆమ్లాలను నరం ద్వారా ఎక్కిస్తారు. అవన్నీ జబ్బును గుర్తించి, మోతాదు కట్టి చేసేవి.

ఇంతకూ టైగర్ చిక్కినాడని నీకు అనిపిస్తే, తిండి కంటే ముందు అనుమానించాల్సినవి రెండున్నాయి, గోమార్లు, పేగు పురుగులు. మీ యూనిట్‌లో పాలిష్ చేసిన బండలను నిలువుగా ఆనించి వరసలు పెడతారు కదా. ఆ సందుల్లో, గోడ పగుళ్లలో గోమార్లు గుడ్లు పెడతాయి. కుక్క మీద గోమారు కనబడిందంటే బండల సందుల్లో దాని సంతానం పదింతలు ఉందని అనుకో. అవి మోసుకొచ్చే జ్వరం లోపల్లోపల రక్తాన్ని తినేస్తుంది. కొంకిపురుగులు పేగును కరుచుకుని రక్తం తాగుతాయి. ఈ రెండూ ఉన్న కుక్కకు బంగారం తినిపించినా ఒళ్లు పట్టదు. కాబట్టి ఇట్లా చెయ్యి. ఒక చీటీ తీసుకుని టైగర్ బరువు రాసుకో. వాణ్ని ఎత్తుకుని కాటా ఎక్కు, తర్వాత నీ బరువు తీసేయ్. రెండు అరచేతులూ పక్కటెముకల మీద ఆనించి మెల్లగా జరుపు. ఎముకలు వేళ్లకు తెలియాల, కంటికి లెక్కపెట్టేంతగా కనబడకూడదు. నొక్కితే గానీ తెలియలేదంటే కొవ్వు పట్టిందని అర్థం. పెంట కొంచెం డబ్బీలో వేసుకుని, కుక్కతోపాటు పశువుల ఆసుపత్రికి తీసుకుపో. పెంట పరీక్ష, రక్తం పూత చేయిస్తారు. రక్తంలో ఆల్బుమిన్, యూరియా, క్రియాటినిన్ కూడా చూడమని అడుగు. ప్రొటీన్ నిజంగా తక్కువైందా, మూత్రపిండాలు బాగున్నాయా అనేది ఆ కాగితమే చెప్తుంది.

ఎండాకాలం ఇంకొక జాగ్రత్త. తాడిపత్రి ఎండలు నీకు నేను చెప్పేదేముంది, బండ మీద కాలు పెట్టలేం. ప్రొటీన్ ఎక్కువైన కొద్దీ యూరియా ఎక్కువ, దాన్ని కడిగి పంపడానికి నీళ్లు ఎక్కువ కావాల. అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుట్టించడంలోనూ ప్రొటీన్‌దే పైచెయ్యి. కుక్కకు మనలాగా చెమట పట్టదు, వగర్చి వేడి దించుకుంటుంది, ఆ వగర్పులోనూ నీళ్లే పోతాయి. అందుకని ఏప్రిల్, మే నెలల్లో పెద్ద గిన్నె పొద్దు వాలినాక పెట్టు, పొద్దున తేలిగ్గా పెట్టు. నీడలో మంచినీళ్ల తొట్టి రోజంతా ఉండాల. పాలిష్ మిషన్ కింద కారే బండపిండి నీళ్లు వాడు తాగకుండా చూడు.

వయసు మళ్లినాక కుక్కకు ప్రొటీన్ తగ్గించాలని చాలామంది అంటారు. మూత్రపిండాల జబ్బు ఉంటే డాక్టరు చెప్పినట్టు తగ్గించాల, ముఖ్యంగా భాస్వరం తగ్గించాల. జబ్బు లేని ముసలి కుక్కకు మాత్రం కండ కరగకుండా మంచి ప్రొటీన్ ఇంకొంచెం ఎక్కువే కావాల. ఇది నీకు ఇప్పుడు పనికిరాకున్నా ఇంకో నాలుగైదేండ్లకు పనికొస్తుంది, గుర్తుంచుకో.

నీకు వాడి మీద ఉన్న ప్రేమ నాకు తెలియనిది కాదు. ప్రేమ ఉన్నచోటే పొడులు అమ్మేవాళ్లు అంగడి పెడతారు. ఆ డబ్బా ధర పెట్టి నెలకు సరిపడా గుడ్లు కొను. ఈ జాబు అక్కకూ చదివి వినిపించు, రోజూ వాడి గిన్నె కలిపేది ఆమే కాబట్టి ఎర్రగడ్డ సంగతి, ఎముకల సంగతి ఆమెకు తెలియాల. కొత్త తిండి ఒక్కసారిగా పెట్టకుండా వారం పది రోజుల్లో మెల్లగా మార్చు, లేకుంటే విరేచనాలు పట్టుకుంటాయి. బొచ్చులో మార్పు కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, తొందరపడవద్దు. నెలకొకసారి బరువు చూసి చీటీలో రాస్తూ, ఆసుపత్రి కాగితం రాగానే ఫోటో తీసి నాకు పంపు. అందులో అంకెలు చూసినాక ఇంకేమైనా కావాలంటే అప్పుడు ఇద్దరం కలిసి డాక్టర్ను అడుగుదాం.

మీ మామ